ఈశాన్యం మూలన చేపల తొట్టి

మొన్న ఆదివారం సుచిత్ర చౌరస్తా దగ్గర మా తమ్ముడి కూతురు సింధు ఇంటికి వెళ్ళాను. కండ్లకోయలో ఉద్యోగం, అపార్ట్‌మెంటులో ఆరో అంతస్తు. ఇంట్లో అడుగు పెట్టగానే కుడిచేతి వైపు గోడ పొడుగునా అద్దాల తొట్టి. లోపల రాళ్ళు, ఒక కొయ్య దుంగ, పైన తెల్లటి దీపం, అంతా ముచ్చటగానే ఉంది గానీ అద్దానికి లోపలి వైపు పాచి పట్టి చేపలు పచ్చటి తెర వెనక తిరుగుతున్నట్టు కనపడుతున్నాయి. నేను చెప్పులు విప్పకముందే పిల్ల మొదలుపెట్టింది. "అత్తమ్మా, గీ పాచితోని మస్తు పరేషాన్ అయితున్న. మందేసిన, లైటు తగ్గించిన, పోతలేదు. లోపల మొక్కలు పెడితే పోతదంటున్నరు. ఏ మొక్కలు పెట్టాలె? నీకు తెలుసని డాడీ చెప్పిండు." నేను జవాబు చెప్పబోతుంటే మళ్ళీ తనే అంది, "ఫ్రెండ్సందరు అరకు పోతున్నరు. నేను పోతే దీన్ని ఎవరు చూస్తరని ఆగిపోయిన."

అదిగో, ఆ మాట దగ్గర నాకు ఒళ్ళు మండింది. "చేపల కోసం ఊరికి పోవుడు బంద్ చేసుకుంటవా? బుద్ధి ఉన్నదా నీకు?" అన్నాను. పిల్ల తెల్లబోయి చూసింది. పాపం, దానికేం తెలుసు. మంచినీళ్ళు తెచ్చిచ్చి, "ఏమైంది అత్తమ్మా, షుగర్ టాబ్లెట్ వేసుకోలేదా?" అని అడిగింది. నేను నవ్వేశాను గానీ నా చూపు మాత్రం ఆ పచ్చటి అద్దం మీదనుంచి మళ్ళలేదు. ఇంటికొచ్చాక కూడా రెండు రోజులు అదే కళ్ళలో మెదిలింది. సరే, ఎటూ నిద్ర పట్టడం లేదు కదా, రాసి పడేద్దామని కూర్చున్నాను.

మా ఇల్లు మేడ్చల్ బస్టాండు వెనక సందులో ఉండేది. పొద్దున లేస్తే నాయినను కన్న అవ్వ జొన్నరొట్టెలు చరిచే చప్పుడు, పిడకల దాలిలో కాగే పాల పొగవాసన, నాయిన గడ్డం గీసుకుని చెంపలకు రుద్దుకునే పటికబిళ్ళ తడి వాసన. నాయిన రైతు. గౌడవెల్లి దగ్గర మా పొలం ఉండేది. హైవే పక్క పొలాలన్నీ ప్లాట్లవుతున్న కాలం అది. నాయిన కూడా ఒకరోజు తలపాగా తీసి తెల్ల చొక్కా తొడిగాడు, పొలంలో హద్దురాళ్ళు పాతించాడు, "వెంచర్" అనడం నేర్చుకున్నాడు. మొదటి ఆరు నెలలు ఆ రాళ్ళ మధ్య మేకలు తప్ప ఎవరూ తిరగలేదు. అప్పుడు ఎవరో చెప్తే ఒక వాస్తు సిద్ధాంతిని ఇంటికి తీసుకొచ్చాడు.

ఆ మహానుభావుడు ఇల్లంతా తిరిగి, మా అమ్మ చేసిన ఉప్మా రెండుసార్లు వడ్డించుకుని తిని, ఈశాన్యంలో నీళ్ళు లేవు కాబట్టి అమ్మకాలు లేవని తేల్చాడు. ముందు గదిలో ఈశాన్యం మూలన చేపల తొట్టి పెట్టాలన్నాడు. ఎనిమిది ఎర్ర చేపలు, ఒక నల్ల చేప ఉండాలట. అంతవరకూ బాగానే ఉంది. లేచి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, "పొద్దున, సాయంత్రం పెండ్లి కాని ఆడపిల్ల చేతితో మేత పడాలె. చెయ్యి మారొద్దు" అన్నాడు. ఆ ఇంట్లో పెళ్ళి కాని ఆడపిల్లను నేనొక్కదాన్నే. బైపీసీ ఇంటర్ అప్పుడే పాసయ్యాను. తమ్ముడికి ఇంకా నిక్కర్ల వయసు. తొట్టి వచ్చిన వారానికే హద్దురాళ్ళ దగ్గరికి ఒక పార్టీ వచ్చింది, కొన్నది కూడా. ఇగ చూసుకోండి, నా కాలికి బంధం పడింది.

అలా అని నాయిన చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే నాకు సులువుగా ఉండేది. సుచిత్రకు పోయినప్పుడల్లా నాకు మిఠాయి పొట్లం తెచ్చేవాడు, జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చునేవాడు. దేన్నీ వద్దని అనేవాడే కాదు. వద్దంటే కొట్లాడుదును కదా. అవ్వకు కాలు విరిగి సికింద్రాబాదు ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేనే తోడున్నాను, తొట్టి రాకముందు సంగతి అది. అక్కడి సిస్టర్లను చూసి నర్సింగ్ చదవాలని మనసు పడ్డాను. కరీంనగర్‌లో ట్రైనింగు ఉందని, హాస్టల్ ఉందని తెలుసుకున్నాను. నాయినకు చెప్తే, "పోదువు తియ్యి బిడ్డా, ఎవరొద్దన్నరు? గీ వెంచరు ఒడవనియ్యి" అన్నాడు. ఆ వెంచరు అయిపోకముందే పక్క పొలం కలిసింది. మా చిన్నాయన కూతురి పెళ్ళికి అందరూ నిజామాబాదు పోయి మూడు రోజులున్నారు, నేనూ అవ్వా ఇంట్లో ఉన్నాం. చేపలకు మేత వేస్తూ.

ఒకనాడు విసుగొచ్చి, ఇవి చస్తే పీడ పోతుంది కదా అనిపించింది. అనుకున్నట్టే ఒక చేప వెల్లకిలా తేలింది. నేను లోపల్లోపల సంబరపడుతూ అవ్వకు చూపించాను. అవ్వ రెండు చేతులెత్తి దండం పెట్టింది. "మంచిగైంది. ఇంటికొచ్చే కీడు అది తీస్కపోయింది. బతికితే లచ్చిమి, సస్తే కీడు పాయె" అంది. నాయిన సాయంత్రానికల్లా ఇంకో చేపను కవర్లో తెచ్చాడు. ప్లాటు అమ్ముడైతే నా చెయ్యి మంచిది, అమ్ముడు కాకపోతే నా చెయ్యి ఉండబట్టి ఇంకా పెద్ద నష్టం తప్పింది. ముందర నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అదే. ఎటు తిరిగినా నేను ఆ తొట్టి దగ్గరే తేలుతున్నాను. పైగా అది నిలబెట్టింది కిటికీకి అడ్డంగా. నాతో చదివిన పిల్లలు కాలేజీ బస్సు కోసం రోడ్డు మీద నిలబడితే, నేను వాళ్ళను చూడాలంటే ఆ నీళ్ళలోంచే చూడాలి.

ఆ నీళ్ళు మాత్రం నిలిచేవా? తూర్పు కిటికీ, పొద్దున ఎండంతా తొట్టిలోనే పడేది. మిగిలిన మేత అడుగున కుళ్ళేది. మూడోనాటికి అద్దం మీద పాచి, వారానికి నీళ్ళే పచ్చగా అయ్యేవి. తొట్టిని నీడకు జరిపితే సగం బాధ తీరేది. ఆ మాటంటే నాయిన నన్ను దేవుడి గదిలో చెప్పులేసుకున్నదాన్ని చూసినట్టు చూసేవాడు. ఈశాన్యం ఈశాన్యమే. పార్టీలను ఇంటికి తెచ్చి ఆ తొట్టి ముందరే కూర్చోబెట్టేవాడు కాబట్టి నీళ్ళు తేటగా ఉండి తీరాలి. నేను పీచు పట్టుకుని రుద్ది రుద్ది, గోళ్ళలో పచ్చదనం పోక, అన్నం కలుపుకోవడానికి కూడా రోత పుట్టేది. అప్పుడే నాకొక ఆలోచన వచ్చింది. నాయిన భయమల్లా నేను పోతే తొట్టి పాడవుతుందనే కదా. ఎవరూ చెయ్యి పెట్టకపోయినా తేటగా ఉండే తొట్టిని తయారు చేసి చూపిస్తే? చదివిన బాటనీ కొంత బుర్రలో మిగిలే ఉంది. పాచి తినే తిండే మొక్కా తింటుంది. మొక్క బాగా తింటే పాచికి తిండి ఉండదు. కాబట్టి నాకు కావలసింది అందమైన మొక్క కాదు, ఆకలిగొన్న మొక్క.

ఇంత తెలిసీ మొదటిసారి అందానికే పడ్డాను. నాయిన సుచిత్రలో చేపల దుకాణం నుంచి ఎర్రటి ఆకుల మొక్క తెచ్చిచ్చాడు. నాలుగు రోజులు ముద్దొచ్చింది. ఆ తర్వాత ఆకులు ఒక్కొక్కటే జావలా కరిగి, ఆ కుళ్ళు తిని పాచి రెట్టింపయింది. రెండోసారి మురిక్కాలువ పక్కనుంచి గుర్రపుడెక్క పీకి తెచ్చి నీళ్ళ మీద వదిలాను. దాని వేళ్ళు మురికిని పట్టుకున్నాయి, ఆకుల నీడకు పాచి కొంచెం తగ్గింది కూడా. కానీ అది ఆకాశం కింద పెరిగే మొక్క. తొట్టి మూత కింద వంగి, పసుపు పచ్చబడి, కుళ్ళి కంపు కొట్టింది. అవ్వ ముక్కు మూసుకుని, "లచ్చిమి మూలల మోరీ మొక్క పెట్టినవు గదనే" అని వారం రోజులు సాధించింది.

శామీర్‌పేట మా అమ్మ పుట్టిల్లు. మేనమామ మనవడి పుట్టువెంట్రుకలంటే పొద్దున మేత వేసి, సాయంత్రం మేతకు తిరిగి రావాలన్న ఒప్పందం మీద అమ్మా నేనూ బస్సెక్కాం. భోజనాలయ్యాక చెరువు దాకా నడిచాం. అంచున ఒక పక్క నీళ్ళు చిక్కగా, పచ్చగా, మీద తెట్టె కట్టి ఉన్నాయి. పది గజాలు ఇవతల, సన్నటి ఆకుల నాచుమొక్క ఒత్తుగా పెరిగిన చోట మాత్రం అడుగున గులకరాళ్ళు కనపడుతున్నాయి. నేను అక్కడే గొంతుక్కూర్చున్నాను. చెరువు అదే, ఎండ అదే. మట్టి అక్కర్లేదు, పెంచేవాళ్ళు అక్కర్లేదు, తెగిన ముక్క నీళ్ళలో పడితే అదే ఇంకో మొక్క అవుతుంది. ఇదే నా మొక్క అనుకున్నాను. అమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని మోకాలి లోతు దిగింది. ఆమె అలా నీళ్ళలో దిగి నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. పిడికెడు నాచు పీకి నా సంచిలో వేస్తూ, నా వైపు చూడకుండానే అడిగింది. "ఇది పెడితే నువ్వు పోవచ్చునా?"

"పోవచ్చమ్మా" అన్నాను.

"అయితే ఇంకింత పట్టు" అంది.

ఆ నాచును ఒక పూట పటిక నీళ్ళలో ఉంచి, నత్తల గుడ్లు పోయేదాకా కడిగి తొట్టిలో వేశాను. పది పదిహేను రోజులు ఏమీ జరగలేదు. తర్వాత కొత్త చిగుళ్ళు జానెడు జానెడు లేచాయి. అద్దం మీద పాచి పలచబడింది. నెల తిరిగేసరికి నీళ్ళున్నాయా లేవా అన్నంత తేటగా అయ్యాయి. ఎండ పడితే ఆకుల మీద చిన్న చిన్న గాలిబుడగలు మెరిసేవి. నేను పీచు ముట్టలేదు. ఆ కిటికీలోంచి రోడ్డు, బస్సు, బస్సు మీది అక్షరాలు కూడా కనపడ్డాయి. అంత సంతోషం నాకు పరీక్ష పాసైనప్పుడు కూడా కలగలేదు. అదే వారం, ఎప్పుడో దరఖాస్తు పెట్టిన నర్సింగ్ సీటు వచ్చిందని కబురు కూడా వచ్చింది.

నాయిన ఆ నీళ్ళను చూసి పొంగిపోయాడు. సిద్ధాంతిని పిలిపించాడు. సిద్ధాంతి తొట్టి ముందు కళ్ళు మూసుకుని నిలబడి, "ఈ పిల్ల చేతి చలువ. ఇంకో రెండేండ్లు ఈ చెయ్యి కదలనియ్యకు" అన్నాడు. "అది నా చెయ్యి కాదు నాయినా, ఆ మొక్క. నేను నెల సంది ముట్టలే. ఎవరు మేతేసినా గట్లనే ఉంటది" అన్నాను. "మొక్క పెట్టింది ఎవరు బిడ్డా? నువ్వే గదా" అన్నాడు, ఎంతో ప్రేమగా, తల నిమురుతూ. నేను తవ్వుకున్న గోతిలోనే నేను పడ్డాను. పాచి పట్టినన్నాళ్ళూ బందీనే, పాచి పోయాక ఇంకా గట్టి బందీని. ఆ రోజు అన్నం తినలేదు. ఏడ్చాను కూడా. అవ్వ దిష్టి తగిలిందని ఉప్పు తిప్పి పొయ్యిలో వేసింది.

మరునాడు మధ్యాహ్నం నాయినకు వడ్డిస్తూ అమ్మ మాట్లాడింది. ఆమె మామూలుగా ఆయన ముందు ఉప్పూ కారం గురించి తప్ప మాట్లాడేది కాదు. "పిల్లను పంపియ్యి. చేపలకు నేనేస్త" అంది.

"పెండ్లి కాని పిల్ల చెయ్యి పడాలన్నడు గదనే."

"నేనొచ్చినప్పటి సంది గీ ఇంట్ల పొయ్యి నా చెయ్యితోనే అంటుకుంటాంది. ఆ పొయ్యి మీద వండిందే నువ్వు తింటున్నవు. గప్పుడు రాని కీడు చేపలకు వస్తదా?"

నాయిన చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. చివరికి, "సరే. నీళ్ళు గిట్ల తేటగున్నన్ని రోజులు అది అక్కడ ఉంటది. పచ్చబడ్డయంటే తెల్లారే పిలిపిస్త" అన్నాడు. అమ్మ ఇంకొంచెం పప్పు వేసి, "గట్లనే" అంది.

అలా నేను కరీంనగర్ బస్సెక్కాను. బయటపడ్డానా అంటే, పడ్డాను, మెడకు పలుపుతాడుతో. హాస్టల్ వరండాలో రూపాయి బిళ్ళ వేసే ఎర్ర ఫోను ఉండేది. ప్రతి ఆదివారం వరసలో నిలబడి ఇంటికి ఫోను చేసి, ఎట్లున్నవని కూడా అడగకుండా, "నీళ్ళెట్లున్నయే?" అని అడిగేదాన్ని. "అద్దం లెక్కున్నయి. నువ్వు చదువుకో" అనేది అమ్మ. అప్పుడు నాకు ఊపిరి ఆడేది. మళ్ళీ బుధవారానికల్లా ఆదివారం ఎప్పుడొస్తుందా అని లెక్కపెట్టేదాన్ని. కలలో కూడా పచ్చటి నీళ్ళే వచ్చేవి. ఇప్పుడు సింధు తొట్టికి మేత దానంతట అదే రాలే డబ్బా ఉంది, దీపం దానంతట అదే ఆరుతుంది, అరకులో కూర్చుని ఫోనులో చేపలను చూసుకోవచ్చు. అయినా ఆ పిల్ల కదలను అంటుంది. మమ్మల్ని కట్టేసిన వాళ్ళు ఎదురుగా కనపడేవాళ్ళు, పేరు పెట్టి తిట్టుకోవడానికి ఉండేది. దీన్ని ఎవరు కట్టేశారో నాకు అర్థం కాలేదు. వయసు మీద పడి అర్థం కావడం లేదేమో కూడా.

బతుకమ్మ సెలవులకు ఇంటికొచ్చాను. ముందు గదిలోకి రాగానే తొట్టి మిలమిల మెరుస్తోంది. కానీ మొక్కలు లేవు. ఒక్క చిగురు కూడా లేదు. వేలెడంత చేపల చోట పిడికిలంత బంగారు చేపలు బద్ధకంగా తిరుగుతున్నాయి. "ఎట్లున్నయి బిడ్డా? సిద్ధాంతి అసలు బంగారువే ఉండాలన్నడని తెచ్చిన. నీ గడ్డినంత రెండు రోజులల్ల మేసినయి" అన్నాడు నాయిన మురిసిపోతూ. "గడ్డి లేకున్నా నీళ్ళు జూడు. మీ అమ్మ చెయ్యి గూడ మంచిదే." బంగారు చేపలు మెత్తటి మొక్కను బతకనివ్వవు, పైగా తిన్నదంతా నీళ్ళలోనే వదులుతాయి. ఆ ఎండలో, ఆ కిటికీ దగ్గర, మొక్క లేకుండా నీళ్ళు తేటగా ఉండే మార్గమే లేదు. అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు.

తెల్లవారుజామున నీళ్ళ చప్పుడుకు మెలకువ వచ్చింది. నాయిన ఇంకా గురక పెడుతున్నాడు. ముందు గదిలో అమ్మ పైపును నోటితో పీల్చి తొట్టి నీళ్ళు బకెట్‌లోకి దింపుతోంది. పక్కన ముందురోజే పట్టి ఉంచిన బిందెలు. సగం నీళ్ళు తీశాక చెయ్యి భుజం దాకా లోపల పెట్టి అద్దం రుద్దింది. వేళ్ళ సందులు నాని తెల్లబడి, చర్మం ఊడి ఉన్నాయి. ఆమే నన్ను చూసి వేలు పెదవుల మీద పెట్టుకుంది.

"ఎప్పటి సంది?" అని గుసగుసగా అడిగాను.

"నువ్వు పోయిన నెలకు గీ చేపలొచ్చినయి. గప్పటి సంది."

"రోజూనా? ఫోన్ల ఎందుకు చెప్పలే?"

"చెప్తే వచ్చేస్తవు గదా" అంది.

ఇయ్యాల్టికైనా నేను రుద్దుతానని పీచు అందుకోబోయాను. అమ్మ నా మణికట్టు పట్టుకుని ఆపింది. ఆమె చెయ్యి చల్లగా, గరుకుగా ఉంది. "నువ్వు ముట్టకు. నీ చెయ్యి తొట్టిల చూసిండంటే మళ్ళ మొదటికొస్తది" అంది. నేను బిందె కూడా ఎత్తలేదు. పక్కన నిలబడి, నీళ్ళన్నీ మార్చేదాకా చూశాను. తర్వాత నాయిన లేచి, తొట్టి ముందు నిలబడి దండం పెట్టుకున్నాడు. సెలవులు అయిపోగానే నేను హాస్టల్‌కు తిరిగి వెళ్ళాను. వెళ్ళకపోతే ఆమె చేసిందంతా వృథా అవుతుంది.

ఆ ఏడాది చివర్లో మాకు తెల్ల టోపీ పెట్టి, చేతికి దీపం ఇచ్చి ప్రమాణం చేయించే వేడుక జరిగింది. దీపాలు కాబట్టి చీకటి పడ్డాకే పెట్టారు, వచ్చినవాళ్ళకు రాత్రి అక్కడే పడక. అందరి అమ్మలూ వచ్చారు. కొత్త చీరల్లో, గుంపులు గుంపులుగా, బిడ్డల టోపీలు సవరిస్తూ. నాయిన ఒక్కడే వచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మిఠాయి డబ్బా పట్టుకుని. నన్ను తెల్ల బట్టల్లో చూసి ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజంగానే తిరిగాయి. నేను ఆయన వెనక్కి, గేటు దాకా చూశాను.

"అమ్మ ఏది నాయినా?"

"ఎట్లొస్తది బిడ్డా," అన్నాడు డబ్బా విప్పి ఒక లడ్డూ నా నోటికి అందిస్తూ, "ఇంట్ల చేపలున్నయి గదా."